కథలు మూడున్నయ్, పైసలు ఒక్క సినిమాకే ఉన్నయ్: ఏది తీయాల్నో ఎట్ల తేల్చుకోవాలె?

క్లాక్‌టవర్ నల్గొండ:

అందరికి నమస్తే. జర పెద్ద పోస్టే, ఓపికతోని చదువుండ్రి. మేము అయిదుగురం సోపతిగాళ్లం, నల్గొండ చుట్టుపక్కలోళ్లమే, ఆరేండ్ల సంది యూట్యూబ్‌ల ఊరి షార్ట్ ఫిల్ములు తీస్తున్నం, మంచిగనే నడుస్తున్నది, దాని మీదనే చిన్న కంపెనీ రిజిస్టర్ చేసుకున్నం. ఇగ పెద్ద సినిమా తీద్దామని 3 కోట్లు జమ చేసినం. అండ్ల 1 కోటి 80 లక్షలు మా సొంతం, 1 కోటి 20 లక్షలు రెండు రూపాయల మిత్తికి తెచ్చినం. మా అయిదుగురిల ఒకాయన చిట్యాల దిక్కున్న రెండెకరాలు కుదువ పెట్టిండు, గది యాదికొస్తే నాకు రాత్రి నిద్ర పడ్తలేదు.

మొదటి కథ వలసది. కోస్గి దిక్కు నుంచి ముంబైకి కైకిలికి పోయిన తండ్రి పద్దెనిమిదేండ్ల తర్వాత వాపస్ వస్తడు, ఇంటికాడ బిడ్డ పెండ్లి పెట్టుకున్నరు, ఆయన బతికున్నడనే సంగతే పెండ్లికొడుకు తరపోళ్లకు తెల్వదు. అందరు కొత్త నటులు, మా చానల్ టీమే, బడ్జెట్ 2 కోట్ల 20 లక్షలు. రెండోది నల్లమలల మన్ననూరు దిక్కు నడిచే హారర్, ముప్పావు సినిమా రాత్రి పూటనే, గ్రాఫిక్స్ ఉంటయ్, 2 కోట్ల 60 లక్షలు. మూడోది ఇంజినీరింగ్ కాలేజ్ కామెడీ, దీనికి జనానికి ఎరుకైన హీరో ఒకాయన ఒప్పుకున్నడు గని ఆయనకే కోటి ఇయ్యాలె, మొత్తం 4 కోట్ల 50 లక్షలు, తక్కువ పడే కోటిన్నర ఒక పార్ట్‌నర్ పెడ్తనంటున్నడు, మొదలు తన పైసలు తనకు రావాలె, తర్వాత హక్కులల్ల సగం కావాలె అంటున్నడు.

మేము ఎక్సెల్ షీట్ తయారు చేసి పది అంశాలకు పది పది మార్కులు పెట్టుకున్నం, కథ, నటులు, సంగీతం, ఖర్చు, ఓటీటీ అవకాశం గిట్ల. కామెడీకి 71, వలసకు 69, హారర్‌కు 66 వచ్చినయ్. తర్వాత చూస్తే ఎవలకు ఏ కథ ఇష్టమో దానికే ఎక్కువ ఏసుకున్నం, గా పంచాయితీ ఇంక తెగలే. మార్కులు ఎట్లెయ్యాలె, దేనికి ఎంత విలువ ఇయ్యాలె, ఈ పని చేసినోళ్లు చెప్పుండ్రి.

—

పాలమూరు రెప్:

తమ్మీ, నేను పద్నాలుగేండ్లు డిస్ట్రిబ్యూషన్ ఆఫీసుల రెప్‌గ, అంటే థియేటర్ల కాడ వసూళ్లు చూసుకునే మనిషిగ చేసిన, జడ్చర్ల, కల్వకుర్తి, వనపర్తి, నారాయణపేట తిరుగుకుంట రోజు రాత్రి డీసీఆర్, అంటే ఆ రోజు వసూళ్ల లెక్క, రాసి పంపెటోన్ని, కాబట్టి కథల సంగతి వేరేటోళ్లు చెప్తరు, నేను కౌంటర్ కాడి ముచ్చట చెప్త.

మీ షీట్‌ల ఓటీటీ ఉన్నది గని టికెట్ కొనేటోడు లేడు. 100 రూపాయల టికెట్ అనుకో. వంద దాంక టికెట్ మీద ఇదివరకు 12 శాతం జీఎస్టీ ఉండె, 2025 సెప్టెంబర్ 22 నుంచి 5 శాతం చేసిండ్రు, వంద దాటితే మాత్రం 18 శాతమే. అంటే పన్ను పోంగ 95 మిగుల్తది. అండ్లకెల్లి థియేటర్ కిరాయో, వసూలుల ఇంత శాతం అనే పెర్సంటేజో పోతది, డిస్ట్రిబ్యూటర్ కమిషన్ పోతది, పోను పోను నీ చేతికి 40 వచ్చిందంటే మంచిగ వచ్చినట్టే. థియేటర్ల నుంచి గిట్ల నీ చేతికొచ్చే షేర్ కోటిన్నర కావాలంటే ఎంతమంది రావాలె? 3 లక్షల 75 వేల మంది. నల్గొండ, సూర్యాపేట, మిర్యాలగూడ మూడు టౌన్లు కలిపితే 2011 జనాభా లెక్కల ప్రకారం మూడున్నర లక్షలు అటుఇటు. చంటిపిల్లలతోని సహా మూడు టౌన్లు లేచి వచ్చినా ఇంక కొంత తక్కువనే పడ్తది. ప్రతి కథకు ఈ లెక్క ఏసుకొని, ఆ మంది ఎవలు, ఎక్కడి నుంచి వస్తరు అని కాయితం మీద రాయి.

ఇంకో మాట. హారర్‌కు పోరలు మొదటి రోజు సెకండ్ షోకు వస్తరు, శుక్ర శని ఆది మూడు రోజులల్ల తేలిపోతది. వలస కథకు ఆడోళ్లు రావాలె, ముసలోళ్లు రావాలె, వాళ్లు ఒకరికొకరు చెప్పుకొని రెండో వారం కదుల్తరు. గని సోమవారం ముప్పై మంది ఉన్న షోను చూసి థియేటరాయన నీకోసం రెండో వారం దాంక ఆగడు, కరెంటు బిల్లు ఆయన కట్టాలె కదా. అందుకే గా సినిమాకు రెండో వారం దాంక బొమ్మను నిలబెట్టే పలుకుబడి ఉండాలె, అది మీ కంపెనీకి ఉన్నదా? విడుదల ఫిబ్రవరి మార్చిల అస్సలు పెట్టుకోకు, పరీక్షల టైంల ఇండ్లల్ల టీవీనే పెట్టరు.

—

దేవరకొండ లెక్కలు:

అన్నా, నేను హైదరాబాద్ కృష్ణానగర్‌ల ప్రొడక్షన్ అకౌంటెంట్‌గ, అంటే సినిమా ఖర్చుల లెక్కలు చూసే పని చేస్తున్న, మాది దేవరకొండ. మీ పోస్టు రెండుసార్లు చదివిన, మార్కుల కంటే ముందు ఒకటి అడుగుత, ఏమనుకోకుండ్రి. మీ కంపెనీకి ఏం కావాలె? ఈ ఒక్క సినిమా తోని పేరు రావాల్నా, రెండేండ్లల్ల రెండో సినిమా మొదలు పెట్టాల్నా, హక్కులు మీ చేతులనే ఉండాల్నా, చానల్ చూసేటోళ్లు పెరగాల్నా? అయిదుగురు ఒకరి కాయితం ఒకరికి చూపియ్యకుండ ఒక్కటే వాక్యం రాయుండ్రి. నాకు అనిపిస్తాంది అయిదు వేరేవేరే వాక్యాలు వస్తయని. గట్లుంటే మీరు కొట్లాడేది కథల గురించి కాదు, కంపెనీ గురించి.

అది తేలినంక కొన్నిటికి మార్కులు ఉండయ్, గడపనే ఉంటది. గడప దాటనిది ఇంట్లకు రాదు, అండ్ల ఎంత మంచి పాటలున్నా సరే. చిట్యాల భూమి పోవద్దు అనేది మీ గడప అయితే దానికి పదికి ఆరు అని ఎట్ల ఏస్తరు? దాటిందా లేదా, అంతే.

ఇగ లెక్క. మీరు చెప్పిన బడ్జెట్లల్ల పబ్లిసిటీ లేదు, మిత్తి లేదు. 1 కోటి 20 లక్షల మీద రెండు రూపాయలంటే నెలకు 2 లక్షల 40 వేలు. వలస కథ ఇయ్యాల్టి సంది పైసలు తిరిగొచ్చే దాంక 20 నెలలు అనుకుంటే 48 లక్షలు మిత్తికే పోతది, పబ్లిసిటీకి కనీసం 50 పెట్టుకోండ్రి, మొత్తం 3 కోట్ల 18 లక్షలు. హారర్‌కు గ్రాఫిక్స్, సౌండ్ పని ఉంటది, 26 నెలలు ఏసుకోండ్రి, మిత్తి 62 లక్షల చిల్లర, మొత్తం 3 కోట్ల 72 లక్షలు. అంటే మీ దగ్గరున్న 3 కోట్లల్ల మూడిట్ల ఒక్కటి గుడ పడ్తలేదు! ఇంకో సంగతి, షూటింగే మొదలు కాకుండ అప్పు ముందే ఎందుకు తెచ్చిండ్రు? సొంత పైసలు ముందు పెట్టి, అవి అయిపోయినంక అప్పు తేవాలె. వీలైతే రేపే వాపస్ ఇచ్చేయుండ్రి, చివరి ఎనిమిది నెలలకు తెచ్చుకుంటే 19 లక్షల 20 వేలతోని అయిపోతది.

ప్రతి కథకు ఒక్క నంబర్ రాయకుండ్రి, మూడు రాయుండ్రి: ఆడకపోతే ఎంత, ఓ మోస్తరుగ ఆడితే ఎంత, మస్తు ఆడితే ఎంత. అందరు మూడో నంబరే చూస్తరు. నేనైతే మొదటిది చూస్త. ఆడకపోయినా మీకు పక్కాగ వచ్చే పైసలు ఏమున్నయ్? ఓటీటీ వాళ్లు ఇప్పుడు చిన్న సినిమాను షూటింగ్ టైంల కొంటరని లెక్కల రాసుకోకుండ్రి, థియేటర్ల ఎట్లాడిందో చూసే మాట్లాడ్తరు, ఒప్పందం అయినా విడతల వారీగనే ఇస్తరు. నేను చూసినకాడికి సినిమా పోయి మునిగినోళ్ల కంటే, సినిమా పోకముందే చేతుల పైసలు అయిపోయి మునిగినోళ్లే ఎక్కువ. మా దగ్గర ఒక సినిమా డబ్బింగ్ కాడ ఆగి పదకొండు నెలలు పండింది, కావల్సింది 14 లక్షలే, అవి పుట్టలే, ఆ పదకొండు నెలలకు నిర్మాత కట్టిన మిత్తి 14 లక్షలు దాటింది.

హారర్‌కు ఇంకో రెండు చూసుకోండ్రి. మన్ననూరు దిక్కంత అమ్రాబాద్ టైగర్ రిజర్వ్, అడవి లోపల షూటింగ్‌కు అటవీ శాఖ పర్మిషన్ లేనిది కాలు పెట్టనియ్యరు, రాత్రి పూట అంటే ఇంక కష్టం. అడవి ముచ్చట అడవి బయట సెట్‌ల తీసే ధర రాసుకోండ్రి. రెండోది సెన్సార్, భయం ఎక్కువై ‘ఏ’ సర్టిఫికెట్ వస్తే టీవీల ఏసుడు కుదరదు, మళ్ల కత్తిరించి సర్టిఫికెట్ మార్పిచ్చుకోవాలె, శాటిలైట్ పైసలు, అంటే టీవీ హక్కుల పైసలు, గా దాంక ఆగుతయ్. వలస కథల గొర్లు, ఎడ్లు ఉంటే యానిమల్ వెల్ఫేర్ బోర్డు పర్మిషన్ షూటింగ్‌కు ముందే పెట్టుకోండ్రి, తర్వాత ఉరుకులాడితే సెన్సార్ కాడ ఆగిపోతది.

—

జూరాల గేట్లు:

నాకు ఈ ఎక్సెల్ ముచ్చటే నచ్చుత లేదు. పది మంది మార్కులు కలిపి సగటు తీస్తే ఎవలకు కోపం రాని కథ గెలుస్తది, అంతే. కామెడీకి 71 వచ్చిందంటే గందుకే వచ్చింది. సినిమా నిలబడాలంటే ఒక్కరన్న దానికోసం కొట్లాడాలె. బలగం చూడుండ్రి, 2023 మార్చి 3న వచ్చింది, రెప్ అన్న చెప్పిన పరీక్షల టైంలనే, పెద్ద హీరో లేడు, డైరెక్టర్‌కు అదే మొదటి సినిమా, సావు ఇంటి కథ. ఆ నెలలనే ఓటీటీల వచ్చినా గుడ ఊర్లల్ల తెరలు కట్టుకొని మరీ చూసిండ్రు. మీ షీట్‌ల ఏస్తే దానికి ఎన్ని వస్తుండె? వలస మన పాలమూరు బతుకు, ఎక్కిచ్చి పంపిన ముంబై బస్సు ప్రతి ఇంట్ల యాదికుంటది, మీరు తీయకపోతే ఎవలు తీస్తరు.

—

పాలమూరు రెప్:

జూరాల అన్నా, నువ్వన్నది నాకు గుడ మనసుకు తాకింది, మా పెద్దనాన ముంబైలనే బిల్డింగ్ పనిల పోయిండు. గని బలగం పేరు తీసినవ్ కాబట్టి ఒక్కటి చెప్పాలె. దాని ఎనుక ఎవలున్నరు? దిల్ రాజు సంస్థ. నైజాంల సొంత డిస్ట్రిబ్యూషన్ ఉన్న మనిషి, సోమవారం ముప్పై మంది ఉన్నా షో తీసేయకుంట నిలబెట్టగలుగుతడు, నేను చెప్పిన రెండో వారం పలుకుబడి అంటే గదే. అదే కథ ఈ తమ్ముళ్ల చేతిల ఉంటే అది వేరే ప్రాజెక్ట్. కథను ఉత్తగ కథ లెక్క తూకమెయ్యొద్దు, ఎవల చేతుల ఉన్నదో ఆ చేతులను గుడ కలిపి తూకమెయ్యాలె. ఇంకోటి, గా సంవత్సరం గట్లాంటి ఊరి కథలు ఎన్ని వచ్చి శుక్రవారం పడి సోమవారం పోయినయో వాటి పేర్లు ఎవలకు యాదిలెవ్వు, నాకు యాదికున్నయ్ ఎందుకంటే వాటి డీసీఆర్లు రాసింది నేనే.

అయినా మొండిగ ఒక్కరు కొట్లాడాలె అన్నది మాత్రం నిజం. గడప దాటిన కథలల్ల చివరికి దేన్ని తీయాల్నో గప్పుడు ఆ మొండితనాన్ని చూడుండ్రి, గడప కాడ కాదు.

—

క్లాక్‌టవర్ నల్గొండ:

అన్నలకు, అక్కకు చెయ్యెత్తి మొక్కుతున్న. పదిహేను రోజులు పట్టింది, అందుకే లేట్ అయింది. దేవరకొండ అక్క చెప్పినట్టు అయిదుగురం కాయితాలు రాసినం, నాలుగు వేరేవేరే వాక్యాలు వచ్చినయ్, ఇద్దరివి మాత్రమే కలిసినయ్: “రెండేండ్లల్ల రెండో సినిమా మొదలు కావాలె, భూమి పోవద్దు, హక్కులు మనయే ఉండాలె.” రెండు రోజులు కొట్లాడి అందరం దానికే ఒప్పుకున్నం. అప్పుల 90 లక్షలు వాపస్ ఇచ్చేసినం, రెండు నెలల మిత్తి పోయింది, పోనీ.

కామెడీ గడప దాటలే. సగం హక్కులు పార్ట్‌నర్‌వి, ముందుగాల పైసలు ఆయనవే, ఆడకపోతే మొత్తం మునిగేది మేమే. హీరో ఉన్నడు కదా ఓటీటీ వస్తది అని నేనే ఎక్కువ వాదించిన, మూడు నంబర్లు రాసినంక నా నోట్లె మాట లేదు. హారర్‌ను సెట్‌ల తీస్తే 3 కోట్ల 10 లక్షలకు పోయింది, గది ఇప్పుడు కాదు, పక్కకు పెట్టినం, స్క్రిప్ట్ పారేస్తలేం.

వలస కథను 1 కోటి 90 లక్షలకు తెచ్చే పనిల ఉన్నం. ముంబైల పన్నెండు రోజుల షూటింగ్‌ను నాలుగు రోజులకు దించినం, తండ్రి పద్దెనిమిదేండ్ల బతుకు పాటల కాకుండ ఆయన నోటితోనే చెప్పిస్తే ఖర్చు తగ్గింది, నిజం చెప్తున్న, సీన్ గుడ బలంగ వచ్చింది. రెండో వారం సంగతికి మాత్రం జవాబు దొరుకుతలేదు. ఒకే రోజు నూరు థియేటర్లు కాకుండ పాలమూరు, నల్గొండ దిక్కు ఇరవై స్క్రీన్లల్ల మొదలు పెట్టి, చానల్ చూసేటోళ్లను ఊరి ఊరికి కదిలించుకుంట రెండో వారం హైదరాబాద్ పోతే ఎట్లుంటది రెప్ అన్నా? పబ్లిసిటీ 50 లక్షలు రెండు ముక్కలు చేయొచ్చు కదా.

—

పాలమూరు రెప్:

చేయొచ్చు. గని ఇరవై స్క్రీన్లు అంటే ఇరవై మంది ఓనర్లతోని ఇప్పుడే కూసోవాలె, సినిమా అయినంక కాదు. కిరాయి లెక్కన ఒప్పుకోకు, పెర్సంటేజ్ మీద మాట్లాడు, గప్పుడు ఖాళీ షో నష్టం నీ ఒక్కని మీద పడదు, మొదటి రెండు వారాలు షోలు తగ్గియ్యొద్దని రాయించుకో, రోజుకు రెండే షోలైనా సరే, మ్యాట్నీ, ఫస్ట్ షో అడుగు, ఆడోళ్లు వచ్చేది గప్పుడే. కోస్గి, నారాయణపేట, మక్తల్ ముగ్గురు నాకు ఎరుకైనోళ్లే. ఒక్క పదిహేను నిమిషాల ముక్క తీసుకొని రా, తండ్రి ఇంటి గడపల నిలబడ్డ సీన్ ఉండాలె అండ్ల. వాళ్ల ఇండ్లల్ల ఆడోళ్లకే చూపిద్దాం మొదలు.