అప్లాస్టిక్ అనీమియాతో పాటు పీఎన్‌హెచ్ క్లోన్ కూడా ఉందన్నారు, ముందు దేనికి చికిత్స?

ప్రశ్న:
మా చెల్లెలి వయసు 24. చిగుళ్ల నుంచి రక్తం కారుతుండడంతో పరీక్షలు చేయించాం. హిమోగ్లోబిన్ 6.1, న్యూట్రోఫిల్స్ 380, ప్లేట్‌లెట్లు 11,000 ఉన్నాయి. ఎముక మజ్జలో కణాలు పదో వంతు కూడా లేవని, మిగిలినదంతా కొవ్వేనని బయాప్సీలో తేలింది. నాలుగు యూనిట్ల రక్తం ఎక్కించిన తరువాత చేసిన ఫ్లో సైటోమెట్రీలో (కణాలను ఒక్కొక్కటిగా లెక్కించే పరీక్ష) పీఎన్‌హెచ్ క్లోన్, అంటే ఎర్రకణాలు పగిలిపోయే జబ్బుకు కారణమయ్యే లోపమున్న కణాల గుంపు, గ్రాన్యులోసైట్లలో (ఒక రకం తెల్లకణాలు) 7 శాతం, ఎర్రకణాలలో 1 శాతం కనిపించింది. ఎర్రకణాలు పగిలితే రక్తంలో పెరిగే ఎల్‌డీహెచ్ మామూలుగానే ఉంది. ఒక వైద్యుడు ఇది అప్లాస్టిక్ అనీమియా (మజ్జ రక్తకణాలను తగినంత తయారుచేయలేని జబ్బు) అన్నారు. మరొకరు పీఎన్‌హెచ్‌కు కూడా ఖరీదైన ఇంజెక్షన్ మొదలుపెట్టాలన్నారు. ఎవరి మాట వినాలి?

సమాధానం (హెమటాలజీ వైద్యుడు):
ముందుగా, ఎర్రకణాల అంకెను పక్కన పెట్టండి. ఎక్కించిన రక్తం దాన్ని పలుచన చేస్తుంది కాబట్టి గ్రాన్యులోసైట్ల అంకెనే నమ్మాలి. మీ చెల్లెలి రోగనిరోధక కణాలే మజ్జలోని మూలకణాలపై దాడి చేస్తుండగా, పిగ్-ఎ జన్యువు దెబ్బతిన్న కొద్ది మూలకణాలు (పీఎన్‌హెచ్ క్లోన్ వీటి నుంచే వస్తుంది) ఆ దాడిని తప్పించుకుని మిగులుతాయని భావిస్తున్నాం; అప్లాస్టిక్ అనీమియా ఉన్నవారిలో దాదాపు సగం మందికి ఇలాంటి చిన్న క్లోన్ ఉంటుంది. ఎర్రకణాలు పగలడం లేదని ఎల్‌డీహెచ్ చెబుతోంది. పీఎన్‌హెచ్‌కు ఇచ్చే ఖరీదైన ఇంజెక్షన్ ఎకులిజుమాబ్ ఆ పగలడాన్ని ఆపగలదే తప్ప ఖాళీ మజ్జను నింపలేదు. అందువల్ల ముందు చికిత్స మజ్జకే. మజ్జ దానానికి మీ కణాలు ఆమెకు సరిపోతాయో చూసే హెచ్‌ఎల్‌ఏ పరీక్ష మీరు వెంటనే చేయించుకోండి; తోబుట్టువుతో పూర్తిగా కలిసే అవకాశం నాలుగింట ఒక వంతు, కలిస్తే ఈ వయసులో మజ్జ మార్పిడే మొదటి మార్గం. కలవకపోతే రోగనిరోధక దాడిని అణచే గుర్రపు ఏటీజీ (గుర్రాల నుంచి తీసిన ప్రతిరోధకాలు), సైక్లోస్పోరిన్, మజ్జను ప్రేరేపించే ఎల్ట్రాంబోపాగ్ ఇస్తారు, ఫలితానికి మూడు నుంచి ఆరు నెలలు ఆగాలి. అంతకంటే ముందు ఫాంకోనీ అనీమియా (వంశపారంపర్యంగా మజ్జ దెబ్బతినే జబ్బు) కోసం క్రోమోజోమ్ బ్రేకేజ్ పరీక్ష, ఎమ్‌డీఎస్ (మజ్జలో కణాలు అసాధారణంగా తయారయ్యే జబ్బు) కాదని తేల్చే సైటోజెనెటిక్స్ (క్రోమోజోముల పరీక్ష) జరిగాయో లేదో అడగండి. మార్పిడి ఆలోచన ఉన్నంతవరకు కుటుంబ సభ్యుల రక్తం ఆమెకు ఎక్కించకూడదు.

సమాధానం (ఇదే జబ్బు ఉన్న వ్యక్తి):
డాక్టరు గారి మాటకు ఒక్కటి కలుపుతాను. ఏటీజీతో నా ప్లేట్‌లెట్లు కోలుకున్నాక, 5 శాతం ఉన్న క్లోన్‌ను నేను మరచిపోయాను. నాలుగేళ్ల తరువాత పొద్దున్నే మూత్రం చిక్కటి కాఫీ డికాక్షన్ రంగులో రావడం మొదలైంది. కడుపునొప్పిని గ్యాస్ అనుకుని రెండు వారాలు మాత్రలు మింగాను. చివరకు కాలేయపు సిరలో రక్తం గడ్డకట్టిందని స్కానింగులో తెలిసింది. అప్పటికి క్లోన్ 60 శాతం దాటింది. ఇంజెక్షన్ అవసరమయ్యేది అప్పుడే, అదీ మెనింజోకాకల్ టీకాలు వేయించుకున్నాకే. ఆరు నెలలకోసారి ఫ్లో సైటోమెట్రీ మానకండి.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ ధన్యవాదాలు. అయితే గత వారం ఆమె కోసమే నేను ఒక యూనిట్ రక్తం ఇచ్చాను. ఇప్పుడేం చేయాలి?

సమాధానం (హెమటాలజీ వైద్యుడు):
బ్లడ్ బ్యాంకులో బదులుగా ఇచ్చినదైతే అది వేరొకరికి వెళ్లి ఉండవచ్చు. బ్యాగు నంబరుతో కనుక్కోండి. ఆమెకే ఎక్కినా మార్పిడికి దారి మూసుకుపోదు, కానీ ఆ విషయం మార్పిడి బృందానికి తప్పక చెప్పండి. ఇకపై తెల్లకణాలు వడకట్టి, రేడియేషన్ ఇచ్చిన రక్తమే అడగండి.