సేలం ఉరితీతలు: గట్టు తగాదానా, సరిహద్దు భయమా?

పటాలపిచ్చి: 1692లో మసాచుసెట్స్ వలసలోని సేలంలో మంత్రవిద్య నెపంతో 19 మందిని ఉరితీశారు. సేలం పట్టణం కిందనే ఉన్న సేలం పల్లెలో నిందలు వేసినవారు ఎక్కువగా పడమటన, నిందలు పడ్డవారు తూర్పున ఉన్నారని 1974లో చరిత్రకారులు బోయర్, నిస్సెన్‌బామ్ పటం గీసి చూపారు. తూర్పువారికి రేవుపట్టణం, వర్తకం దగ్గర. పడమటివారికి సేద్యమే దిక్కు. పట్టణపు ప్రార్థనామందిరానికి తమ ఇళ్ళు అయిదు నుంచి పది మైళ్ళ దూరమని, కాపలా విధికి తమను పిలవవద్దని అక్కడి రైతులు 1667లోనే అర్జీ పెట్టుకున్నారు. నా దృష్టిలో కక్ష అక్కడే మొలిచింది.

ఉత్తరగాలి: ఆ పటాన్ని 2008లో పరిశోధకుడు బెంజమిన్ రే సరిచూడగా తూర్పు పడమరల గీత నిలవలేదు. పైగా నిందితులు అన్ని ఊళ్ళకన్నా ఎక్కువగా ఉన్న ఊరు ఆండోవర్. అది మీ పటంలోనే లేదు. చూడవలసింది ఉత్తరాన ఉన్న మెయిన్ సరిహద్దు. ఆ ఏడాది జనవరిలోనే అక్కడి యార్క్ ఊరి మీద ఫ్రెంచివారి పక్షాన ఉన్న ఆదివాసుల దాడి జరిగింది. నిందలు వేసిన పిల్లల్లో మెర్సీ లూయిస్ మెయిన్ నుంచి వచ్చి, నిందలు వేయడంలో ముందున్న పుట్నం వారింట పనికి కుదిరినదే.

బాటసారి: ఆ పల్లె ఇప్పటి డాన్వర్స్. పట్టణం నుంచి విడిపోవడానికి 1752 దాకా ఆగవలసి వచ్చింది.

పటాలపిచ్చి: ఆండోవర్ మంట తరువాత అంటుకున్నది, నిప్పు పుట్టింది పల్లెలో. మెయిన్ నుంచి పట్టి తెచ్చి ఉరితీసిన బరోస్ కూడా ఒకప్పుడు ఈ పల్లె పాస్టరే, బాకీ పేరిట ఒక పుట్నం ఆయనను అరెస్టు చేయించాడు.

గట్టుమీదివాడు: మా నాయనమ్మకు చేతబడి అంటగట్టినవారు మా పొలం గట్టు పక్కవారే. మూడు బారల నేల కోసం ముసలిదానిని బావి దగ్గరకు రానివ్వలేదు. ఉరితీయబడ్డ రెబెకా నర్స్ పుట్టింటివారైన, పక్కనున్న టాప్స్‌ఫీల్డ్ ఊరి టౌన్ కుటుంబానికీ పుట్నంలకూ ఉన్నది హద్దుల గొడవే కదా.

ఉత్తరగాలి: మీ ఊరి గట్టును సాక్ష్యంగా తేవద్దు. ఇళ్ళు కాలిపోయి పారిపోయి వచ్చిన పిల్లలకు పొలం హద్దులతో ఏం పని?

గట్టుమీదివాడు: ఇప్పుడు బయటపడింది. భయం అంటే నింద వేసినవారి మీద జాలి కలుగుతుంది, గట్టు అంటే కలగదు. మీకు కావలసింది ఆ జాలి.

ఉత్తరగాలి: జాలి పడితే తప్పేమిటి? వాళ్ళు పిల్లలు.

గట్టుమీదివాడు: ఫిర్యాదు మీద సంతకాలు పెట్టినవారు పిల్లలు కారు.