ఒకే అర్జీ, మూడు శాఖలు: ఫైలు ఎవరి దగ్గర ఉండాలి?

మండల గుమస్తా:
అందరికీ నమస్కారం. ఆంధ్రప్రదేశ్‌లోని ఒక తహసీల్దారు కార్యాలయంలో జూనియర్ అసిస్టెంటుగా పనిచేస్తున్నాను. ప్రతి సోమవారం ప్రజా సమస్యల పరిష్కార వేదికకు వచ్చే అర్జీలలో మమ్మల్ని ఎక్కువగా తిప్పలు పెట్టేవి ఒక్క శాఖతో తేలనివి. మచ్చుకు ఒకటి చెబుతాను. వీధిలోని మురుగు కాలువను పూడ్చి ఎవరో గోడ కట్టారని పక్కింటి పెద్దాయన అర్జీ ఇచ్చారు. ఆ స్థలం గ్రామకంఠమా (ఊరి నివాస స్థలం), పోరంబోకా (ప్రభుత్వ భూమి) అన్నది రెవెన్యూ చెప్పాలి, హద్దు సర్వేయరు చూపాలి, గోడ తొలగించవలసింది పంచాయతీ. మేము అర్జీని పంచాయతీకి పంపి మా లాగిన్‌లో ముగించాము. సర్వే నివేదిక వస్తే చర్య తీసుకుంటామని రాసి పంచాయతీ వారు తమ లాగిన్‌లో ముగించారు. సర్వేయరుకు ఆ అర్జీ చేరనే లేదు. పోర్టల్ లెక్క ప్రకారం రెండుసార్లు పరిష్కారమైన ఆ సమస్య వీధిలో మోకాలి లోతు నీళ్ళతో అలాగే నిలిచి ఉంది.

దీనికి తోడు పై నుంచి వచ్చే ఆదేశాలు వాట్సాప్ గ్రూపులలో, ఫైళ్ళు ఈ-ఆఫీసు అనే కంప్యూటరు ఫైళ్ళ వ్యవస్థలో, గడువులు పోర్టల్‌లో ఉండడం వల్ల ఆరు నెలల తరువాత ఒక నిర్ణయం ఎవరు, ఎందుకు తీసుకున్నారో వెతికితే దొరకడం లేదు. కొత్త జీవో కోసం ఎదురుచూడకుండా, మండల స్థాయిలోనే దీనిని చక్కదిద్దిన వారు ఉంటే దయచేసి వివరించగలరు.

విశ్రాంత సూపరింటెండెంట్:
మీరు చెప్పిన దానిలో యంత్రం తప్పు కన్నా అలవాటు తప్పే ఎక్కువ. మద్రాసు ప్రెసిడెన్సీ నాటి నుంచి మన కార్యాలయాలకు వచ్చిన పద్ధతిలో వచ్చిన ప్రతి తపాలుకూ కరెంటు నంబరు అనే ఒక వరుస సంఖ్య పడేది, అది ఏ గుమస్తా పర్సనల్ రిజిస్టరులో ఎక్కితే తేలేవరకు బాధ్యత వారిదే. మరో శాఖకు రాసినంత మాత్రాన ఫైలు మూతపడేది కాదు. రిమైండరు తేదీ వేసుకుని, ఆ తేదీకి జవాబు రాకపోతే మళ్ళీ రాసేవాళ్ళం. పంపడం వేరు, ముగించడం వేరు అన్న తేడాను పోర్టల్ చెరిపివేసింది, మీరు దానికి లొంగిపోయారు.

నా సలహా ఏమిటంటే, ఇటువంటి అర్జీలలో ఒకరికొకరు ఉత్తరాలు రాసుకోవద్దు. ముగ్గురూ ఒకే రోజు అదే వీధిలో నిలబడి ఉమ్మడి తనిఖీ చేసి, అర్జీదారు, గోడ కట్టిన వ్యక్తి సమక్షంలో పంచనామా రాసి, అక్కడే సంతకాలు చేయండి. ఇక వాట్సాప్ సంగతి: అధికారి ఫోనులోనో గ్రూపులోనో ఏదైనా చెబితే, అదే రోజు నోట్‌ఫైలులో తేదీతో సహా రాసి వారికే పంపండి. ఈ-ఆఫీసులో పసుపు నోటు చిత్తుప్రతి, తీసివేయవచ్చు. ఆకుపచ్చ నోటు నిలిచిపోతుంది. కాబట్టి ఆకుపచ్చలోనే రాయండి. మొదట్లో కొందరికి నచ్చదు, నాకు అనుభవమే.

సచివాలయం డిజిటల్ అసిస్టెంట్:
సూపరింటెండెంట్ గారి మాటను గౌరవిస్తూనే ఒక విషయంలో విభేదిస్తున్నాను. అన్ని శాఖల వారూ ఒకే కప్పు కింద ఉండాలనే 2019 అక్టోబరు 2న గ్రామ, వార్డు సచివాలయాలు మొదలయ్యాయి. గ్రామ సర్వేయరు నా పక్క బల్ల దగ్గరే కూర్చుంటారు, వీఆర్వో గారు ఎదురుగా ఉంటారు. అయినా ఎవరి యాప్ వారిది, ఎవరి మండలాధికారి వారిది. నా లాగిన్‌లోని అర్జీ పక్క బల్లకు కనబడదు. అలవాటు మార్చుకున్నా తెర మారకపోతే ఎలాగండీ?

2025 జనవరి 30న ప్రభుత్వ వాట్సాప్ సేవ మన మిత్ర మొదలైనప్పటి నుంచి ప్రజలు వాట్సాప్‌లోనే సేవలు కోరుతున్నారు, అది నిజంగా మేలే. కాని ధ్రువపత్రం వెనుక జరగవలసిన విచారణ మునుపటిలాగే మనుషులే చేయాలి, ముందు తలుపు వెడల్పు చేసినంతగా వెనుక గది మారలేదు. మరొక విన్నపం: లబ్ధిదారుల ఆధార్ ఫోటోలను మన అంతర్గత గ్రూపులలో పెట్టడం దయచేసి మానుకుందాం.

హైదరాబాద్ ప్రోగ్రామర్:
బయటివాడిగా ఒక్క మాట. ఒకే ఇంటికి పంచాయతీలో ఇంటి పన్ను అసెస్‌మెంట్ నంబరు, రెవెన్యూలో సర్వే నంబరు, రీసర్వే అయిన ఊళ్ళో ఎల్పీఎం (భూమి ముక్క పటం) నంబరు, రిజిస్ట్రేషన్‌లో దస్తావేజు నంబరు, కరెంటుకు సర్వీసు నంబరు ఉంటే, ఎన్ని పోర్టళ్ళు కట్టినా అవి ఒకదానితో ఒకటి మాట్లాడుకోలేవు. ఎస్టోనియా 2001లో ఎక్స్-రోడ్ అనే వ్యవస్థ తెచ్చినప్పుడు శాఖల సమాచారాన్ని ఒకచోట పోగు చేయలేదు. ఎవరిది వారి దగ్గరే ఉంచి, అడిగినప్పుడు భద్రంగా ఇచ్చిపుచ్చుకునే దారి వేసింది. మండలంలో అంత సాధ్యం కాకపోయినా, అర్జీ నమోదు చేసేటప్పుడే ఈ నంబర్లు అన్నిటినీ ఒకే పేజీలో రాసుకోవడం ఈ రోజే మొదలుపెట్టవచ్చు.

ఇంకొకటి. సమాచార హక్కు చట్టం 2005లోని సెక్షన్ 6(3) ప్రకారం, దరఖాస్తు మరో కార్యాలయానికి చెందితే 5 రోజులలోపు బదిలీ చేసి, ఆ సంగతి దరఖాస్తుదారుకు వెంటనే తెలపాలి. అర్జీలకు కూడా ఇదే మర్యాద పాటిస్తే ఆ పెద్దాయన మీ గడప ఇన్నిసార్లు ఎక్కవలసి వచ్చేది కాదు.

మండల గుమస్తా:
అందరికీ ధన్యవాదాలు. తహసీల్దారు గారి అనుమతితో గురువారం ఉమ్మడి తనిఖీ జరిగింది, పంచనామా గంటన్నరలో పూర్తయింది. స్థలం గ్రామకంఠంలోని దారి అని తేలింది. పంచాయతీ నోటీసు ఇచ్చింది. ఆ గడువు ఇంకా తీరలేదు కనుక పెద్దాయన అర్జీని ఈసారి ముగించకుండా తెరిచే ఉంచాను. అందువల్ల గడువు దాటిన అర్జీల జాబితాలో మా కార్యాలయం పేరు ఎక్కింది, ప్రస్తుతం దానికి సంజాయిషీ రాస్తున్నాను, ఆకుపచ్చ నోటులోనే.