మెష్ వైఫైకి మారాక ప్రింటర్ కనెక్ట్ కావట్లేదు, ఏం చేయాలి?

పాత రౌటర్ తీసేసి మెష్ వైఫై (కొన్ని యూనిట్లు కలిసి ఇల్లంతా ఒకే వైఫై ఇచ్చేది) పెట్టాం. ఫోన్లు, టీవీ, లాప్‌టాప్ వెంటనే కనెక్ట్ అయ్యాయి, ప్రింటర్ మాత్రం మొండికేసింది. అది 2.4 గిగాహెర్ట్జ్ వైఫై బ్యాండ్ మాత్రమే పట్టుకునే మోడల్. మెష్‌లో 2.4కీ 5 గిగాహెర్ట్జ్‌కీ ఒకటే పేరు, విడదీసే ఆప్షన్ యాప్‌లో కనబడలేదు. పైగా సెక్యూరిటీ డబ్ల్యూపీఏ3లో (వైఫై భద్రతా పద్ధతుల్లో డబ్ల్యూపీఏ2 తర్వాత వచ్చిన కొత్తది) ఉంది, గొడవంతా అక్కడేనని నా అనుమానం. డబ్ల్యూపీఏ2కి మారిస్తే మిగతావాటికి ఏమైనా ఇబ్బందా?

డబ్ల్యూపీఏ2 ఉన్న గెస్ట్ నెట్‌వర్క్‌కైతే ప్రింటర్ కనెక్ట్ అయింది కానీ లాప్‌టాప్‌లో కనబడదు (గెస్ట్‌ని విడిగా ఉంచడమే దాని పని కదా!). యూఎస్‌బీ కేబుల్‌తో ప్రింట్ బాగానే వస్తోంది.

ప్రింటర్‌కు ఈథర్నెట్ పోర్ట్ కూడా ఉంది. దగ్గర్లోని మెష్ యూనిట్‌కి వైరుతో కలిపేస్తే ఫోన్ల నుంచి కూడా ప్రింట్ ఇవ్వొచ్చా? ఇలా వాడుతున్నవాళ్లు ఎవరైనా ఉంటే కాస్త చెప్పండి.