పులుసులో ఉప్పు చూడాలన్నా భయం వేస్తోంది, ఈ డైట్ నుంచి బయటపడేదెలా?

ప్రశ్న (కావలి)

అందరికీ నమస్కారం. నాకు 41 ఏళ్లు. మా ఆయనా నేనూ కలిసి ఇక్కడ ట్రంకు రోడ్డు దగ్గర చిన్న కర్రీ పాయింట్ నడుపుతున్నాం. తెల్లారి నాలుగున్నరకి పొయ్యి వెలిగిస్తాను. రాత్రి తొమ్మిదింటికి గిన్నెలు బోర్లించేదాకా వంటతోనే నా రోజు.

ఏడాది కిందట నా బరువు 79 కిలోలు, ఎత్తు ఐదడుగుల రెండంగుళాలు. మోకాళ్ల నొప్పులు, షుగర్ బోర్డర్‌లో ఉందన్నారు. మా అమ్మ షుగర్‌తో పడిన బాధ కళ్లారా చూసినదాన్ని కాబట్టి భయపడిపోయి, ఫోన్‌లో డైట్ చెప్పే ఒకావిడకి డబ్బు కట్టి చేరాను. అన్నం, టిఫిన్లు, పండ్లు, పాలు అన్నీ బంద్. రోజుకి 900 కేలరీలు. చిన్న కాటా ఒకటి కొనుక్కుని ప్రతిదీ గ్రాముల్లో తూచుకుని తిన్నాను. నాలుగు నెలల్లో 14 కిలోలు తగ్గాను. షుగర్ కూడా నార్మల్‌కి వచ్చింది, ఆ మాట దాచను. ఆవిడ మాత్రం 55కి వచ్చేదాకా ఆపొద్దంటోంది.

ఇప్పుడు నా పరిస్థితి చెప్తాను. తలదువ్వితే జుట్టు కుచ్చులు కుచ్చులుగా వస్తోంది. రెండు నెలలుగా నెలసరి రాలేదు. పొయ్యి ముందు నిలబడి ఉన్నా చేతులు చల్లగా ఉంటున్నాయి. రాత్రిళ్లు నిద్రపట్టక ఫోన్‌లో వంటల వీడియోలు చూస్తూ పడుకుంటున్నాను. పగలంతా వండేది చాలదన్నట్టు!

అన్నిటికన్నా నన్ను బాధపెట్టేది వేరే ఉంది. ఆదివారం మా దగ్గర చేపల పులుసుకి గిరాకీ ఎక్కువ. మట్టి దాకలో చింతపండు పులుసు తెర్లి, మామిడికాయ ముక్కలు మెత్తబడి, మెంతిపొడి వేసి దించే ముందు గరిటెతో రెండు చుక్కలు అరచేతిలో వేసుకుని ఉప్పూ పులుపూ చూస్తాం. పదేళ్ల వయసులో మా అమ్మ పక్కన నిలబడి నేర్చుకున్నాను ఆ పని. ఇప్పుడు ఆ రెండు చుక్కల్లో నూనె ఎంతుందోనని లెక్కేస్తూ చెయ్యి వెనక్కి తీసుకుంటున్నాను. మా ఆయన్ని పిలిచి రుచి చూడమంటున్నాను. ఆయనకి ఉప్పు ఎక్కువైనా తెలీదు, తక్కువైనా తెలీదు. పోయిన వారం రోజూ వచ్చే ఒక మేష్టారు "ఏమ్మా, ఈ మధ్య పులుసు ఒకరోజు ఉన్నట్టు ఒకరోజు ఉండట్లేదే" అన్నారు. లోపలికొచ్చి ఏడ్చాను.

మొన్న రొట్టెల పండక్కి నెల్లూరు వెళ్లాం. స్వర్ణాల చెరువులో మోకాటి లోతు నీళ్లలో నిలబడి ఆరోగ్య రొట్టె అడిగాను. ఎవరో పెద్దావిడ, ముఖం కూడా తెలీని మనిషి, నా చేతిలో రొట్టె పెట్టి "తినమ్మా, బాగుంటావు" అంది. నేను గోరంత ముక్క తుంచుకుని మిగతాది మా ఆయనకి ఇచ్చేశాను. గోధుమ రొట్టె కదా అని. ఆరోగ్యం కావాలని వెళ్లి ఆ రొట్టెకే భయపడ్డానే అని తిరిగొచ్చే దారంతా అదే ఆలోచన.

నాకు మళ్లీ 79కి పోవాలని లేదు. అలాగని ఇట్లా బతకలేను. అన్నం మళ్లీ ఎట్లా మొదలుపెట్టాలి? ఎవరైనా ఈ దారిలో వెళ్లొచ్చిన వాళ్లుంటే చెప్పండి.

జవాబు (ఒంగోలు, ఆర్టీసీ డ్రైవర్)

చెల్లెమ్మా, నాకు 52. నేను రెండుసార్లు ఇట్లాంటి డైట్లు చేసి రెండుసార్లూ బోల్తాపడ్డాను. మొదటిసారి 12 కిలోలు తగ్గి, ఏడాది తిరక్కముందే 15 పెరిగాను.

నాకు ఎక్కడ దెబ్బకొట్టేదో తర్వాత అర్థమైంది. శ్రీశైలం డ్యూటీకి పొద్దున ఒట్టి నిమ్మకాయ నీళ్లు తాగి బండెక్కేవాణ్ణి. మధ్యాహ్నం కూడా దోసకాయ ముక్కలే. తిరుగు ప్రయాణంలో దోర్నాల వచ్చేసరికి కళ్లు తిరిగేవి. బస్సు ఆపగానే మిరపకాయ బజ్జీలు ఒక ప్లేటు, అది చాలక పునుగులు ఒక పొట్లం. తిన్నాక నా మీద నాకే కోపం. ఆ కోపంలో మర్నాడు మళ్లీ పస్తు. తప్పంతా బజ్జీల మీదకి తోశాను కానీ, తప్పు పొద్దున్నుంచీ కడుపు మాడ్చడంలో ఉంది.

మూడోసారి డైట్ పేరే ఎత్తలేదు. మా ఆవిడ క్యారియర్ కడుతుంది. ఒక గిన్నెలో అన్నం, రెండు గిన్నెల్లో కూర, పప్పు. డ్యూటీ ఏదైనా పొద్దున ఎనిమిదిలోపు మూడు ఇడ్లీలో రెండు దోశెలో తింటాను. సాయంత్రం ఉడకబెట్టిన శనగలు. బండి డిపోలో పెట్టాక ఆవరణలోనే అరగంట నడక. బజ్జీలు మానలేదు, తినాలనిపిస్తే రెండు తింటాను, రెండో ప్లేటు గుర్తుకే రాదు. మూడేళ్లలో 9 కిలోలు తగ్గాను. నెమ్మదే, కానీ తిరిగి రాలేదు.

నీకు ఒక్కటే చెప్తాను. కర్రీ పాయింట్‌లో పన్నెండు నుంచి రెండు దాకా జనం ఉంటారు కదా. నువ్వు పదకొండున్నరకే పళ్లెం పెట్టుకుని కూర్చుని తినెయ్. నిలబడి కాదు, గిన్నెలోంచి కాదు. గిరాకీ అయ్యాక తిందామంటే ఆకలి నీ చేతుల్లో ఉండదు.

జవాబు (గూడూరు)

నాది వేరే అభిప్రాయం అండీ. ఇంకో పది కిలోలే కదా, ఇంత కష్టపడి మధ్యలో వదిలేస్తే అన్నంతో మొత్తం తిరిగొచ్చేస్తుంది. పట్టుదలగా పూర్తి చేసి అప్పుడు ఆపండి.

జవాబు (నెల్లూరు, డైటీషియన్)

గూడూరు నుంచి రాసినవారు మంచి ఉద్దేశంతోనే చెప్పారు. కానీ నెలసరి ఆగి, చలి వేస్తూ, జుట్టు రాలుతున్న మనిషిని ఇంకా తగ్గమనకూడదు. అమ్మా, మీరు ముందు గైనకాలజిస్టుని కలవండి. హిమోగ్లోబిన్, థైరాయిడ్ పరీక్షలు చేయించుకోండి. 41 ఏళ్లకి నెలసరి తప్పడానికి వేరే కారణాలు కూడా ఉండొచ్చు, అన్నీ డైట్ మీదకే నెట్టకూడదు. జుట్టు సంగతి మాత్రం ఊహించదగ్గదే. బరువు వేగంగా తగ్గిన రెండు మూడు నెలలకి అది మొదలవుతుంది, తిండి సరిపడా అందాక కొన్ని నెలల్లో చాలామందికి తిరిగొస్తుంది.

మీరు రాత్రిళ్లు వంటల వీడియోలు చూస్తున్నానన్నారు. అది మీ బలహీనత కాదు. 1944-45లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకి ఆరు నెలల పాటు రోజుకి సుమారు 1570 కేలరీలే పెట్టి చూశారు. వాళ్లకి చలి, చిరాకు, నీరసం వచ్చాయి. వంటల పుస్తకాలు చదవడం, వంటకాల వివరాలు పోగేసుకోవడం మొదలుపెట్టారు. మీరు తిన్నది అంతకన్నా చాలా తక్కువ, పైగా రోజంతా పొయ్యి దగ్గర పని.

ఇక అన్నం. మధ్యాహ్నం ఒక చిన్న కప్పుతో మొదలుపెట్టండి, వండినది 150 గ్రాములు. అది 200 కేలరీల లోపే. వారం తర్వాత పొద్దున టిఫిన్ కలపండి, ఆపై వారం ఒక పండు, పెరుగు. ప్రతి పూటా గుడ్డో చేపో పప్పో ఉండాలి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ధాన్యాల నుంచి వచ్చే శక్తి 45 శాతం మించొద్దన్నారు, అంతేగానీ అన్నం మానేయమనలేదు. కూరగాయలు, ఆకుకూరలు కలిపి రోజుకి 400 గ్రాములన్నారు. మీ కొట్లో వాటికి కొదవ ఉండదు కదా.

ఒక సంగతి ముందే చెప్తున్నా, లేకపోతే కంగారుపడతారు. అన్నం మొదలుపెట్టిన మొదటి వారం రెండు వారాల్లో ఒక కిలో, కిలోన్నర పెరుగుతుంది. అది కొవ్వు కాదు. పిండిపదార్థం శరీరంలో గ్లైకోజన్‌గా నిలవ ఉంటుంది, ఒక గ్రాము గ్లైకోజన్ దాదాపు మూడు గ్రాముల నీటిని పట్టుకుంటుంది. డైట్ మొదటి వారంలో గబగబా తగ్గింది కూడా చాలావరకు ఆ నీరే. ఆ అంకె చూసి మళ్లీ పస్తు మొదలుపెట్టొద్దు.

55 అనే అంకెని వదిలెయ్యండి. ఉన్న బరువులో 5 నుంచి 10 శాతం తగ్గినా షుగర్, బీపీ మెరుగవుతాయి. మీరు 17 శాతం పైగా తగ్గారు. ఇప్పుడు కాపాడుకోవాల్సింది ఆ షుగరే, మూడు నెలలకోసారి పరీక్ష చేయించుకోండి. తిండి అంటే భయం తగ్గకపోతే అది కూడా డాక్టరుకి చెప్పాల్సిన విషయమే, మొహమాటపడొద్దు.

జవాబు (కనిగిరి)

అమ్మాయ్, నాకు 67. మావి మెట్ట చేలు. సజ్జ రొట్టె, జొన్న సంగటి తిని పెరిగిన ఒళ్లు. ఇప్పుడు అందరూ కొర్రలనీ అరికెలనీ మందులాగా తింటున్నారు. నువ్వు అన్నం మానేసి వాటి మీద పడతావేమోనని రాస్తున్నా. మాకవి డైట్ కాదు, చేలో పండినవి గనక తిన్నాం. ఇష్టమైతే వారంలో రెండు రాత్రులు సజ్జ రొట్టె కాల్చుకుని చిక్కుడుకాయ కూరతో తిను. ఇష్టం లేకపోతే వద్దు. మీ నెల్లూరోళ్లకి వరన్నం లేందే ముద్ద దిగదు, మా పెద్ద కోడలు అటుదే, నాకు తెలుసు. కాటా మాత్రం అటక మీద పెట్టెయ్.

ప్రశ్న అడిగినామె (ఆరు వారాల తర్వాత)

అందరికీ చెప్పాలని వచ్చాను. డాక్టర్ని కలిశాను. థైరాయిడ్ బాగుంది, హిమోగ్లోబిన్ 9.4 ఉంది, ఐరన్ మాత్రలు ఇచ్చారు. ఆ డైట్ గ్రూపులోంచి బయటికొచ్చేశాను.

అన్నం మొదలుపెట్టిన పదో రోజుకి కిలోన్నర పెరిగాను. ముందే చెప్పి ఉండకపోతే ఆ రోజే మానేసేదాన్ని. మేడమ్ రాసింది మళ్లీ మళ్లీ చదువుకున్నాను. ఇప్పుడు 66.2 దగ్గర రెండు వారాలుగా నిలబడింది. వారానికి ఒక్కసారే చూసుకుంటున్నాను.

అన్నా, పదకొండున్నరకి కూర్చుని తినడం మొదట్లో చాలా ఇబ్బందిగా ఉండింది. పని వదిలేసి కూర్చున్నట్టు అనిపించేది. ఇప్పుడు మా ఆయన కూడా నాతోనే కూర్చుంటున్నాడు. పన్నెండేళ్ల కొట్టులో మేమిద్దరం పగలు కలిసి తినడం ఇదే మొదలు. మధ్యాహ్నం కప్పు అన్నం, ఆకుకూర పప్పు, ఏదో ఒక వేపుడు కొంచెం, మజ్జిగ. సాయంత్రం ఆరింటికి ఒక గుడ్డు. రాత్రి కొట్టు కట్టేశాక ఇంటికి నడిచే వస్తున్నాం, ఇరవై నిమిషాలు పడుతుంది. వీడియోలు చూడకుండానే నిద్ర వస్తోంది.

జుట్టు ఇంకా రాలుతోంది. అన్నం వడ్డించుకునేటప్పుడు గుండె దడ ఇంకా పోలేదు, కొన్ని రోజులు కప్పు నిండా పెట్టుకోలేకపోతున్నాను. నెలసరి మాత్రం పోయిన వారం వచ్చింది.

పోయిన ఆదివారం కొరమీను పులుసు పెట్టాను. దించే ముందు రెండు చుక్కలు అరచేతిలో వేసుకున్నాను. ఉప్పు చాల్లేదు, చింతపండు కొత్తది కాబట్టి పులుపు ఎక్కువైంది. చిటికెడు బెల్లం, ఉప్పు వేసి మళ్లీ చూశాను. అప్పుడు కుదిరింది. మిగిలిన కాస్త ఉంచుకుని సోమవారం పొద్దున వేడన్నంలో కలుపుకుని తిన్నాను. పులుసు రెండో రోజే కదా బాగుండేది.

కనిగిరి అమ్మమ్మ గారూ, కాటా అటక మీద పెట్టలేదు, కొట్లో మసాలాలు తూచడానికి వాడుకుంటున్నాను. కావలిలో నేను కొన్న సజ్జపిండి చేదుగా ఉంది. పిండి నిలవైతే అంతేనా? సజ్జలు కొని ఇక్కడే ఆడించుకోమంటారా?