టాప్ మీద క్లియర్ లేచిపోయింది: స్ప్రే డబ్బాలతో ఇంట్లోనే కొట్టొచ్చా?

బెజవాడ కారు:
2011 మోడల్ చిన్న కారు, సిల్వర్ కలర్. ఎండకు టాప్, బానెట్ మీద క్లియర్ (రంగు పైన ఉండే మెరుపు పూత) పొరలు పొరలుగా లేచిపోయింది. షెడ్డులో చెప్పిన రేటు నా వల్ల కాదు. మ్యాచింగ్ డబ్బాలు తెచ్చి అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో నేనే కొడదామనుకుంటున్నా. మా బావ వద్దంటున్నాడు. మీరేమంటారు?

గుంటూరు తమ్ముడు:
ధైర్యంగా కొట్టండన్నా. నా బంపరు, కుడి ఫెండరు నేనే కొట్టుకున్నా, రెండేళ్లయినా చెక్కు చెదరలేదు. కష్టమంతా రుద్దడంలోనే. లప్పం మీద 320 నంబరు, ప్రైమర్ మీద 600 నంబరు వాటర్ పేపర్ (నీళ్లతో రుద్దే గరుకు కాగితం) వాడాలి. డబ్బా జానెడు దూరంలో పట్టుకుని పల్చగా కొట్టాలి, కోటుకీ కోటుకీ మధ్య పది నిమిషాలు ఆగాలి. ఆత్రపడితే రంగు కారిపోతుంది.

పాత పెయింటరు:
తమ్ముడూ, నువ్వు కొట్టింది ఫెండరు. ఆయన అడిగేది టాప్. నడినెత్తి ఎండ పడేది దాని మీదే. మామూలు డబ్బాలో ఉండే 1కె క్లియర్ థిన్నర్ ఆవిరైతే ఆరుతుందంతే, 2కె క్లియర్‌లా హార్డనర్‌తో (గట్టిపరిచే రసాయనంతో) కలిసి గట్టిపడదు. పెట్రోలు చుక్క పడినా మెత్తబడుతుంది. పైగా సిల్వర్. డబ్బా నాజిల్ వెడల్పు తక్కువ, అంత పెద్ద టాప్ మీద మెటాలిక్ రేణువులు సమంగా పరుచుకోవు, చారలు కనబడతాయి. తెల్ల కారైతే ఇంత గట్టిగా చెప్పను.

గుంటూరు తమ్ముడు:
2కె కూడా డబ్బాల్లో వస్తోంది కదన్నా? అడుగున బటన్ నొక్కితే హార్డనర్ కలుస్తుంది.

పాత పెయింటరు:
నా భయమంతా దాని గురించే. ఆ హార్డనర్‌లో ఐసోసయనేట్లనే రసాయనాలు ఉంటాయి, గుడ్డ మాస్క్ వాటిని ఆపదు. మా షెడ్డులో పెద్ద మేస్త్రీకి నలభై నిండకుండానే ఉబ్బసం వచ్చింది. ఒకసారి ఒంటికి పడకుండా పోయిందంటే ఆ తర్వాత కొంచెం పీల్చినా ఊపిరాడదు. గాలి ఆడని సెల్లార్‌లో, పిల్లలు తిరిగే చోట ఆ పని చేయకండి, దండం పెడతా.

బెజవాడ కారు:
పిల్లల మాట నాకు తట్టనే లేదు. రుద్దుడు పని నేను చేసి, రంగు మాత్రం షెడ్డులో కొట్టిస్తే?

పాత పెయింటరు:
మంచి ఆలోచన, కూలీ చాలా వరకు తగ్గుతుంది. నీళ్లు పోస్తూ రుద్దండి, రేకు బయటపడనీయకండి. డబ్బా ప్రైమర్ మాత్రం వేయొద్దు. దాని మీద 2కె కొడితే ముడతలు పడి మొత్తం గీకాల్సి రావచ్చు.

గుంటూరు తమ్ముడు:
టాప్ సంగతి ఒప్పుకున్నానన్నా. చిన్న గీతకీ ఫెండరుకీ మాత్రం నా ఓటు డబ్బాకే.