బూర్జ్ పట్టణంలోని జాక్ కర్ భవనం: ముందు మేడ, వెనుక కోట ఎందుకు?

ప్రశ్న (నల్లగొండ, విశ్రాంత సాంఘికశాస్త్ర ఉపాధ్యాయుడు)

అందరికీ నమస్కారం. ఫ్రాన్స్ నడిమి భాగంలోని బూర్జ్ పట్టణంలో చదువుకుంటున్న మా అన్న కొడుకు అక్కడి జాక్ కర్ భవనం ఫోటోలు పంపించాడు. (బూర్జ్ అనగానే మన బురుజు గుర్తుకు వచ్చింది గాని, ఆ పేరు అక్కడి ఒక పురాతన తెగ పేరు నుండి పుట్టిందట, మన బురుజు అరబ్బీ నుండి వచ్చిన మాట.) వీధి వైపు నుండి చూస్తే రాతిలో చెక్కిన లతలతో, ఎత్తయిన కిటికీలతో సుకుమారంగా ఉన్న ఈ ఇల్లు, వెనుక నుండి చూస్తే దేవరకొండ దుర్గం గోడలాగా మొరటుగా, గుండ్రని బురుజులతో కనిపిస్తున్నది. ఇది ఇద్దరు యజమానులు వేర్వేరు కాలాల్లో కట్టించినదా? కొన్నిచోట్ల దీనిని ‘హోటల్’ అని కూడా వ్రాశారు. ఎప్పుడైనా ఇది పూటకూళ్ల ఇల్లుగా నడిచిందా? ప్రధాన ద్వారానికి ఇరుపక్కలా కిటికీలోంచి తొంగి చూస్తున్న రాతిమనుషులు ఎవరు?

జవాబు 1 (మహబూబ్‌నగర్, భవన నిర్మాణ రంగం)

నమస్కారం సార్. కట్టించినవాడు ఒక్కడే, కాని వెనుక గోడ అతనిది కాదు. రోమన్ల పాలన చివరి కాలంలో ఆ పట్టణం చుట్టూ ప్రాకారం కట్టారు. జాక్ కర్ అనే వ్యాపారి 1443లో కొన్న స్థలం ఆ ప్రాకారాన్ని ఆనుకొని ఉన్నది. వెయ్యేళ్లకు పైబడిన ఆ గోడను పడగొట్టకుండా, దాని బురుజులనే పునాదిగా చేసుకొని పైన అంతస్తులు లేపారు. మన గడీలలో బురుజును దొర ప్రత్యేకంగా, ఖర్చు పెట్టి కట్టించుకునేవాడు. ఇక్కడ అది సిద్ధంగా దొరికింది. అంత బరువును మోయగల పునాది ఉచితంగా దొరికినప్పుడు ఏ మేస్త్రీ మాత్రం వదులుకుంటాడు?

లోపలి అమరిక అంతకంటె ఆసక్తికరం. నడుమ పెద్ద ముంగిలి, దాని చుట్టూ వసారాలు, వాటి వెనుక గదులు. మన మండువా లోగిలి గుర్తుకు వస్తుంది గాని, అక్కడ పై అంతస్తుకు వెళ్లే మెట్లు గదుల మధ్యలో ఉండవు. ముంగిట్లోకి పొడుచుకొచ్చిన గోపురాల్లో మలుపులు తిరుగుతూ పైకి పోతాయి. ఆ మెట్ల ద్వారాల మీద చెక్కిన దృశ్యాలను బట్టి దారి తెలుస్తుంది: వంటశాల వైపు వంట పనులు, ప్రార్థనా మందిరం వైపు పూజకు సన్నాహాలు. ఆవిరి స్నానానికి ఒక గది కూడా ఉన్నది. 15వ శతాబ్దపు ఇంటికి అది తక్కువ సౌకర్యం కాదు.

జవాబు 2 (వనపర్తి, చరిత్ర అధ్యాపకురాలు)

‘హోటల్’ సంగతి నేను చెబుతాను. ఫ్రెంచిలో ఆ మాటకు మొదటి అర్థం పెద్ద నివాసం. పట్టణంలో ధనవంతుడు కట్టుకున్న సొంత మేడను నేటికీ అలాగే అంటారు. అక్కడ పురపాలక భవనం కూడా ‘హోటల్ ద విల్’. కాబట్టి పూటకూళ్ల ప్రసక్తి లేదు.

ఇక యజమాని రాజవంశీకుడు కాడు. ఉన్ని తోళ్ల వ్యాపారి కొడుకు. మధ్యధరా సముద్రం మీద ఓడలు నడిపి, ఏడవ చార్లెస్ రాజుకు ఆర్థిక వ్యవహారాలు చూసే స్థాయికి ఎదిగాడు. ఇంటినిండా హృదయం, ఆల్చిప్ప గుర్తులు ఎందుకంటే, ఫ్రెంచిలో ‘కర్’ అంటే హృదయం, ఆల్చిప్ప సెయింట్ జాక్ చిహ్నం. తన పేరునే రాతిలో చెక్కించుకున్నాడన్నమాట. ‘ధీరహృదయులకు అసాధ్యం లేదు’ అన్న తన వాక్యాన్ని కూడా చెక్కించాడు. రాజుకు అప్పులిచ్చినవాడి మీద రాజు కన్నుపడక మానదు కదా: 1451లో బంధించారు, ఆస్తులు పోయాయి, 1454లో తప్పించుకున్నాడు, 1456లో కియోస్ ద్వీపంలో మరణించాడు. ఇల్లు పూర్తయ్యే నాటికే అతడు ఖైదీ. ఆ తొంగి చూసే బొమ్మలు జాక్ కర్ దంపతులవే.

జవాబు 3 (నాగర్‌కర్నూల్)

మేడమ్ గారు చెప్పిన చివరి వాక్యంతో మాత్రం నేను ఏకీభవించలేను. ఆ బొమ్మలు యజమాని రాకకోసం ఎదురుచూసే సేవకులవని చెప్పేవారే ఎక్కువ. నాకూ అదే సబబనిపిస్తుంది. ఎందుకంటే ద్వారం పైన గూట్లో, ఫ్రెంచి విప్లవ కాలంలో ధ్వంసమయ్యే వరకు, గుర్రం మీద రాజు విగ్రహం ఉండేది. రాజు పక్కన తాను కిటికీలో నిలబడేంత తెలివితక్కువవాడు కాడు జాక్ కర్.

తరువాతి చరిత్ర కూడా ప్రశ్న అడిగిన సార్‌కు తెలియాలి. 1682లో ఆ భవనాన్ని బూర్జ్ పట్టణమే కొన్నది. పురపాలక కార్యాలయంగా, ఆ పైన న్యాయస్థానంగా నడిచి, 1923లో ప్రభుత్వం చేతికి వచ్చాక పునరుద్ధరణ జరిగింది. కార్యాలయాల కోసం గదులను విడగొట్టి కొంత పాడుచేసిన మాట నిజమే గాని, మనుషులు తిరిగిన ఇల్లు కనుక కప్పు నిలిచింది. వనపర్తి సంస్థానపు రాజభవనంలో పాలిటెక్నిక్ నడుస్తుండటం మనకు తెలిసినదే.

ప్రశ్న వేసినవారి మాట

అందరికీ కృతజ్ఞతలు. వంటశాల మెట్ల ద్వారం మీది శిల్పాన్ని దగ్గరి నుండి తీసి పంపమని మావాడికి ఇప్పుడే వ్రాశాను. రాగానే ఇక్కడ పెడతాను.